రెండే పోర్టులున్న పల్చటి లాప్‌టాప్ కొనవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కాంట్రాక్టు ఉద్యోగం, సొంత లాప్‌టాప్ తెచ్చుకోమన్నారు. ఉండేది బెంగళూరు మారతహళ్లిలో పీజీ, ఆఫీసు మాన్యతా టెక్ పార్కులో. వారానికి మూడు రోజులు బస్సులో నిలబడి వెళ్లాలి. వారాంతాల్లో ఫొటోలు సరిదిద్దే పనీ ఉంది. ఇప్పుడున్నది 15.6 అంగుళాల లాప్‌టాప్, 2.3 కిలోలు, ఛార్జర్ మరో అరకిలో. 1.2 కిలోల పల్చటిది ఒకటి నచ్చింది కానీ, దానికి రెండు టైప్-సి పోర్టులు, ఒక హెడ్‌ఫోన్ పోర్టు తప్ప ఇంకేమీ లేవు. "అది కొంటే జీవితాంతం తోక తగిలించుకుని తిరగాలి" అని మీ అన్నయ్య అంటున్నారు. కొనాలా, మానాలా?

కొనండి. మీరు చెప్పిన పనులకు రెండు టైప్-సి పోర్టులు చాలు. అయితే ఆ రెండూ ఏ రకం టైప్-సి పోర్టులో తెలుసుకోకుండా డబ్బు కట్టకండి. మీ అన్నయ్య చెప్పిన తోక మాట అబద్ధం కాదు. తోకంటే ఒక పోర్టును పలు పోర్టులుగా చేసే హబ్, దాని కేబుల్. ఆ తోక బల్ల మీద ఉంటుందా, మీ సంచిలో ఉంటుందా అన్నదే తేల్చుకోవాలి.

నేను ఎస్‌పీ రోడ్డు పక్క సందులో పదహారేళ్లుగా లాప్‌టాప్ రిపేరు కౌంటరు నడుపుతున్నాను. సొంతూరు మదనపల్లె. నా బల్ల మీదికి వచ్చేవన్నీ చెడిపోయినవే కాబట్టి నా చూపు కాస్త అటే ఒరిగి ఉంటుంది. ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

ముందు ఒక చిన్న పరీక్ష చెబుతాను. కొనే ముందు వచ్చినవాళ్లందరికీ ఇదే చెబుతాను, పదిమందిలో ఇద్దరు చేస్తారు. పాత లాప్‌టాప్‌కు ఉన్న పోర్టులన్నిటి మీదా కాగితపు టేపు ముక్కలు అంటించండి. ఒక వారం పాటు ఏది కావాల్సి వస్తే దాని టేపు తీసి వాడుకోండి, పని కాగానే మళ్లీ అంటించండి. తీసిన ప్రతిసారీ ఆ టేపు మీదే పెన్నుతో ఒక గీత గీయండి. ఆదివారం లెక్క చూసుకుంటే మీకు ఎన్ని పోర్టులు కావాలో ఏ యూట్యూబ్ వీడియో చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది. ఇంకో సంగతి కూడా గమనించండి. ఒకే సమయంలో ఎన్ని టేపులు ఊడి ఉన్నాయి? రోజులో నాలుగు వస్తువులు తగిలించినా ఒక్కోటీ విడివిడిగా అయితే రెండు పోర్టులే ఎక్కువ. నాలుగూ ఒకేసారి కావాలంటే లెక్క వేరు.

ఇక బరువు సంగతి. పల్చదనం వేరు, తేలికదనం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది ఉన్న పోర్టులను వదులుకుంటారు. 2022లో వచ్చిన ఆపిల్ ఎం2 చిప్పు మ్యాక్‌బుక్ ఎయిర్ మందం 11.3 మిల్లీమీటర్లు, బరువు 1.24 కిలోలు. ఛార్జింగ్‌కు వేరే పోర్టు ఉన్నా, మిగిలినవి రెండు టైప్-సి పోర్టులే. అదే కాలపు ఎల్‌జీ గ్రామ్ 14 మందం 16.8 మిల్లీమీటర్లు, బరువు మాత్రం కిలోకు ఒక గ్రాము తక్కువ. దానికి రెండు టైప్-సి, పెన్‌డ్రైవ్ పెట్టే పాత యూఎస్‌బీలు రెండు, మానిటర్ తగిలించే హెచ్‌డీఎంఐ ఒకటి. థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ కూడా 1.1 కిలోల చుట్టుపక్కల బరువుతోనే ఈ పోర్టులన్నీ నిలుపుకుంది. పాత యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ ప్లగ్గులు ఒక్కొక్కటీ నాలుగున్నర మిల్లీమీటర్ల ఎత్తు. టైప్-సి ప్లగ్గు ఎత్తు రెండున్నరకు లోపే. అంచు సన్నగా చెక్కాలంటే మొదట పోయేవి ఆ పెద్దవే. కానీ పోర్టు తీసేస్తే తగ్గే బరువు కొన్ని గ్రాములే. ట్రాఫిక్‌లో అరగంట ఆగిపోయిన బస్సులో మీ భుజానికి తెలిసేది బరువు, మందం కాదు. కాబట్టి మీకు నచ్చిన దాన్ని దాని బరువుకే చెందిన, పోర్టులు ఎక్కువున్న మరో రెండిటితో పోల్చి చూడండి. ధర మీకు అందుబాటులో ఉంటే అన్నయ్యకూ మీకూ మధ్య తగువే ఉండదు.

పోర్టులు తీసేయడం కొత్తేమీ కాదు. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ కాగితపు కవరులోంచి మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీసినప్పుడే దానికి ల్యాన్ (నెట్‌వర్క్ కేబుల్) పోర్టు లేదు, యూఎస్‌బీ ఒక్కటే. 2015లో ఛార్జింగుకూ మిగతా అన్నిటికీ కలిపి ఒకే ఒక్క టైప్-సి ఉన్న మ్యాక్‌బుక్ తెచ్చారు. 2016లో మ్యాక్‌బుక్ ప్రో మోడళ్లకూ టైప్-సి, హెడ్‌ఫోన్ పోర్టు తప్ప అన్నీ తీసేశారు. 2021లో అదే ప్రోకు హెచ్‌డీఎంఐ, కెమెరా కార్డు పోర్టు తిరిగి వచ్చాయి. ఎయిర్‌కు మాత్రం ఇప్పటికీ రాలేదు. ఇందులో నాకు కనిపించే న్యాయం ఏమిటంటే, రోజూ కార్డులు, తెరలు తగిలించేవాళ్లకు తోక నచ్చలేదు, మిగతావాళ్లకు అదొక సమస్య కాలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బయటికి అన్ని టైప్-సి పోర్టులూ ఒకేలా కనిపిస్తాయి. లోపల మాత్రం ఒకటి పల్లెవెలుగు, ఇంకొకటి గరుడ. ఒక టైప్-సి పోర్టు మూడు పనులు చేయగలదు. ఛార్జింగ్ తీసుకోవడం, తెరకు బొమ్మ పంపడం, డేటా మోయడం. మూడూ చేయాలన్న నిబంధన లేదు. కొన్ని మోడళ్లలో రెండిట్లో ఒకటి మాత్రమే ఛార్జింగ్ తీసుకుంటుంది, బొమ్మ పంపేది కూడా అదే. రెండోది 5 గిగాబిట్ల వేగంతో డేటా మాత్రం మోస్తుంది. పోయిన ఏడాది వైట్‌ఫీల్డ్ నుంచి ఒక అబ్బాయి సరిగ్గా అలాంటిదే తీసుకొచ్చాడు. మానిటర్ తగిలిస్తే ఛార్జింగ్ లేదు, ఛార్జింగ్ పెడితే మానిటర్ లేదు. పోర్టు చెడిపోయిందని అతని అనుమానం. చెడిపోలేదు, పుట్టుకే అంత.

పోర్టు పక్కన గుర్తులు చూడండి. మెరుపు బాణం ఉంటే థండర్‌బోల్ట్, అంటే సాధారణంగా మూడు పనులూ చేస్తుంది. ఇంగ్లిష్ డి, పి అక్షరాలు కలిపినట్టున్న గుర్తు ఉంటే తెరకు బొమ్మ పంపుతుంది. ఏ గుర్తూ లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ స్పెసిఫికేషన్ల కాగితం తీసి, రెండు పోర్టులకూ విడివిడిగా ఏం రాశారో చదవండి. దుకాణంలో కుర్రవాడు "అన్నీ వస్తాయి మేడమ్" అంటే నమ్మకండి. పాపం, అతనికీ తెలియదు. రెండు పోర్టులూ ఛార్జింగ్, డిస్‌ప్లే రెండూ ఇవ్వాలి. వీలైతే ఒకటి ఎడమన, ఒకటి కుడిన ఉండాలి. రెండూ ఒకే వైపు పక్కపక్కనే ఉంటే లావుపాటి పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టగానే రెండోదాని దారి మూసుకుపోతుంది.

కేబుళ్ల కథ కూడా ఇంతే. ఫోనుతో వచ్చిన టైప్-సి కేబుల్ చాలావరకు ఛార్జింగ్ కోసమే. డేటా వేగం 480 మెగాబిట్ల దగ్గర ఆగుతుంది, బొమ్మ అసలు రాదు. మామూలు కేబుల్ 60 వాట్లకు మించి మోయదు. అంతకన్నా ఎక్కువ కావాలంటే లోపల చిప్పు ఉన్న 5 యాంపియర్ల కేబుల్ ఉండాలి. మానిటర్ రావడం లేదని నా దగ్గరికి వచ్చిన కొన్ని లాప్‌టాప్‌లకు నేను చేసిన వైద్యం కేబుల్ మార్చడమే. దానికి డబ్బు తీసుకోవడానికి నాకే మొహమాటం వేసింది. తీసుకున్నాననుకోండి.

మీ విషయంలో తోక బరువు తేల్చేది ఆఫీసు బల్ల. అక్కడి మానిటర్‌కు టైప్-సి ఉందేమో రేపే వెనక్కి వంగి చూడండి. అలాంటి మానిటర్లు చాలావరకు 65 వాట్లో 90 వాట్లో కరెంటును అదే కేబుల్‌లో లాప్‌టాప్‌కు తిరిగి అందిస్తాయి. కీబోర్డు, మౌసు మానిటర్‌కే తగిలించి ఉంటాయి. మీరు వెళ్లి ఒక్క కేబుల్ పెడితే బొమ్మ, ఛార్జింగ్, కీబోర్డు, మౌసు అన్నీ వచ్చేస్తాయి. ఆ రోజు ఛార్జర్ కూడా మోయనక్కర్లేదు. అంటే అన్నయ్య చెప్పిన తోక ఆఫీసువాళ్ల బల్లకే కట్టేసి ఉంటుంది. ఆఫీసులో హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ ఒకటి కొని అక్కడి సొరుగులోనే ఉంచేయండి. రోజూ తెచ్చుకుని, తీసుకెళ్లేవే పోతాయి.

రెండు మానిటర్లు కావాలనుకుంటే మాత్రం ఆగండి. ఎం1, ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్‌లకు బయటి తెర ఒక్కటే. ఎం3కి రెండు వస్తాయి కానీ మూత మూసి ఉంచాలి. 2025లో వచ్చిన ఎం4 నుంచి మూత తెరిచి కూడా రెండు పెట్టుకోవచ్చు. రెండు హెచ్‌డీఎంఐలు ఉన్న మామూలు హబ్‌ను మ్యాక్‌కు పెడితే రెండు తెరల మీదా ఒకే బొమ్మ వస్తుంది. విండోస్ లాప్‌టాప్‌కు అదే హబ్ రెండు వేర్వేరు బొమ్మలు ఇస్తుంది. కోరమంగళలో పనిచేసే ఒక డిజైనర్ ఈ ముక్క తెలియక మూడు హబ్‌లు మార్చారు. నాలుగోది కొనబోతూ మా కౌంటరు దగ్గర ఆగారు.

హబ్ ఎలాగూ ఒకటి కొంటారు, కొనాలి కూడా. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. చవక హబ్‌లో హెచ్‌డీఎంఐ 4కె అని రాసి ఉంటుంది, సెకనుకు 30 ఫ్రేములే అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. మౌసు బాణం లాగితే తేలుతూ వచ్చినట్టు కనిపించేది అందుకే. 60 ఉన్నది అడగండి. హబ్ గుండా ఛార్జింగ్ పెడితే పది పదిహేను వాట్లు హబ్బే తన కోసం అట్టిపెట్టుకుంటుంది. కాబట్టి 45 వాట్ల ఛార్జర్‌తో హబ్, దానికో హార్డ్‌డిస్కు, పైన మానిటర్ అంటే బ్యాటరీ మెల్లగా దిగుతూనే ఉంటుంది. 65 వాట్లది తీసుకోండి. ఈ రోజుల్లో అది అరచేతిలో పడుతుంది, ఫోనుకూ అదే సరిపోతుంది. మీ పాత అరకిలో ఇటుక బరువు తగ్గడం లాప్‌టాప్ బరువు తగ్గడమంత సుఖం. ఐరోపా సమాఖ్య 2026 ఏప్రిల్ 28 నుంచి కొత్త లాప్‌టాప్‌లకు టైప్-సి ఛార్జింగ్ తప్పనిసరి చేసింది. ఈ రకం ఛార్జర్ ఇప్పట్లో మూలన పడదు. మరిచిపోయి వెళ్లినా పక్క సీటువాళ్లది అడిగి పెట్టుకోవచ్చు. ఒకప్పుడు కంపెనీకో పిన్ను ఉన్న రోజుల్లో అది కుదిరేది కాదు.

ఇంకొక తమాషా. ఒకావిడ మౌసు మాటిమాటికీ ఆగిపోతోందని వచ్చారు. అప్పటికే రెండు మౌసులు మార్చారట. లాప్‌టాప్ మార్చాలేమోనని దిగులు. చూస్తే మౌసు రిసీవర్ హబ్‌లో ఉంది, దాని పక్క పోర్టులోనే యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కు ఉంది. డిస్కు పీకగానే మౌసు పరుగెత్తింది. యూఎస్‌బీ 3 పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద వస్తుంది. ఇంటెల్ కంపెనీయే 2012లో ఈ సంగతి వివరంగా రాసి బయటపెట్టింది. వైర్‌లెస్ మౌసు, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై రెండూ ఆ పౌనఃపున్యం మీదే నడుస్తాయి. పోర్టులన్నీ ఒకే చిన్న డబ్బాలోకి ఇరికిస్తే వచ్చే చిక్కు ఇది. రిసీవర్‌ను జానెడు ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరం పెట్టినా పోతుంది, బ్లూటూత్ మౌసు కొంటే పోర్టే మిగులుతుంది.

ఇప్పుడు నా బల్ల మీద రోజూ చూసేది చెబుతాను, ఎందుకంటే ఇది ఏ ప్రకటనలోనూ ఉండదు. టైప్-సి పోర్టు లోపల మధ్యలో ఒక నాలుక ఉంటుంది. మందం 0.7 మిల్లీమీటర్లు, పైన పన్నెండు, కింద పన్నెండు పసుపు పచ్చని గీతల్లాంటి కాంటాక్టులు. ప్లగ్గు ఎటు పెట్టినా పనిచేసేది ఆ అమరిక వల్లే. పదివేల సార్లు పెట్టి తీయడానికి తగినట్టు దాన్ని రూపొందించారు, మామూలు వాడకంలో అరగదు. అరిగితే ముందు కేబుల్ చివరే అరుగుతుంది. పోర్టును చంపేది అరుగుదల కాదు, పక్కకు పడే ఒత్తిడి. కేబుల్ లేకుండా నేరుగా పోర్టులో గుచ్చే గట్టి హబ్‌లు ఉంటాయి చూడండి, అందంగా లాప్‌టాప్‌లో భాగంలాగే కనిపిస్తాయి. మంచం మీద పడుకుని ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకున్నప్పుడు ఆ హబ్ మీ తొడకు ఆని పైకి లేస్తుంది. లేచిన ప్రతిసారీ నాలుక కొంచెం వంగుతుంది. మైక్రోస్కోపు కింద పెడితే నాలుక ఒక పక్కకు ఒరిగి, చివరి రెండు కాంటాక్టులు లేచి ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పాత లాప్‌టాప్‌లో గుండ్రటి ఛార్జింగ్ పిన్ను పోతే చాలావాటికి వైరుతో సహా మార్చి గంటలో పంపేవాళ్లం. పల్చటి వాటిలో చాలా మోడళ్లకు టైప్-సిని నేరుగా మదర్‌బోర్డు మీదే అతికిస్తారు. వేడిగాలితో దాన్ని ఊడదీసి ఇరవై నాలుగు కాళ్లూ మళ్లీ అతికించాలి. పక్కనున్న ఆవగింజంత భాగం ఒకటి కదిలినా బోర్డు మొత్తానికే ముప్పు. అందుకే జానెడు మెత్తటి కేబుల్ ఉన్న హబ్ మాత్రమే కొనండి. లాప్‌టాప్‌కు ఏదైనా తగిలించి ఉండగా సంచిలో పెట్టకండి.

ఛార్జింగ్ పోర్టు చచ్చిపోయిందని వచ్చేవాటిలో చాలావాటికి జబ్బు సంచి నూలు. పోర్టు అడుగున మెత్తగా చేరి, ప్రతిసారీ ప్లగ్గు దాన్ని ఇంకాస్త లోపలికి దట్టిస్తుంది. చివరికి ప్లగ్గు పూర్తిగా దిగదు, కదిపితే పోతుంది. లాప్‌టాప్ పూర్తిగా ఆపేసి, ఛార్జర్ తీసేసి, సన్నటి చెక్క పుల్లతో నెమ్మదిగా బయటికి లాగండి. నాలుకకు తగలకుండా అంచుల వెంబడే పోవాలి. పిన్నీసు, సూది వద్దు. పిన్నీసుతో శుభ్రం చేశాక తెచ్చిన లాప్‌టాప్‌లను గుమ్మంలోనే గుర్తుపట్టగలను, తెచ్చినవాళ్ల ముఖమే చెబుతుంది.

మరి ఎవరు కొనకూడదు? ఛార్టర్డ్ అకౌంటెంట్లకు నేను వద్దనే చెబుతాను. పెన్‌డ్రైవ్‌లా ఉండే డిజిటల్ సంతకం టోకెన్లు ఎక్కువగా పాత యూఎస్‌బీ రకమే. జయనగర్‌లో ఒకాయన క్లయింట్ల టోకెన్లు మార్చి మార్చి పెడుతూ రిటర్నులు దాఖలు చేస్తారు. గడువు చివరి రోజున హబ్ కదిలి టోకెన్ ఊడితే మళ్లీ మొదటి నుంచి పాస్‌వర్డు కొట్టాలి. రెండు నెలలు భరించి, పాత యూఎస్‌బీలు ఉన్న లావుపాటి లాప్‌టాప్‌కు మారారు. పల్చటిది వాళ్లమ్మాయి కాలేజీకి తీసుకెళుతోంది.

పెళ్లి ఫొటోగ్రాఫర్లదీ ఇదే లెక్క. 128 జీబీ కార్డు నిండా ఫొటోలు ఉంటే, లాప్‌టాప్‌లోనో మంచి రీడర్‌లోనో సెకనుకు 90 మెగాబైట్ల చొప్పున అరగంట లోపు దిగుతాయి. హబ్‌లో ఊరికే పెట్టిన యూఎస్‌బీ 2 కార్డు పోర్టులో సెకనుకు 35 అనుకోండి, గంట పడుతుంది. ఒక పెళ్లికి అలాంటి కార్డులు నాలుగు. మీరు వారాంతాల్లో ఫొటోలు సరిదిద్దుతానని రాశారు కాబట్టి ఇది గుర్తుంచుకోండి. నెలకు రెండు కార్డులే అయితే మంచి రీడర్ ఒకటి విడిగా కొంటే సరిపోతుంది. అదే వృత్తి చేసుకునే ఆలోచన ఉంటే కార్డు పోర్టు ఉన్నదే చూడండి. డేటా సెంటర్లలో స్విచ్చులకు కేబుళ్లు తగిలించే నెట్‌వర్క్ ఉద్యోగులకైతే ఇంత వివరం అక్కర్లేదు, ల్యాన్ పోర్టు లేనిది వాళ్లే ముట్టుకోరు.

మీరు అడగనిది ఒకటి. పల్చటి లాప్‌టాప్‌లలో ర్యామ్‌ను సాధారణంగా మదర్‌బోర్డుకే అతికిస్తారు, తర్వాత పెంచలేరు. పోర్టు తక్కువైతే హబ్ ఉంది, ర్యామ్ తక్కువైతే ఏమీ లేదు. ఫొటోల పని కూడా ఉందంటున్నారు కాబట్టి 16 జీబీకి తగ్గవద్దు. ధర సరిపోక ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తే స్టోరేజీ తగ్గించుకోండి. హెడ్‌ఫోన్ పోర్టు ఉండటం మీ అదృష్టం, 2022 నుంచి కొన్ని పల్చటి మోడళ్లలో దాన్నీ తీసేశారు. అది లేకుంటే ఉన్న రెండు టైప్-సిలలో ఒకటి మీటింగుల్లో చెవులకే పోయేది.

చివరగా మీ పాత లాప్‌టాప్. ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే వచ్చేది ఎంతో కనుక్కోండి, ఆ అంకె వింటే మీకే ఇవ్వబుద్ధి కాదు. పీజీ గదిలో బల్ల మీద ఉంచేయండి. దాని ల్యాన్ పోర్టు, మూడు పాత యూఎస్‌బీలు, హెచ్‌డీఎంఐ అన్నీ బాగానే ఉన్నాయన్నారు కదా. ఇంట్లోవాళ్లు పంపిన పెన్‌డ్రైవ్, ప్రింటర్, ఫొటోల పాత హార్డ్‌డిస్కు దానికే తగిలించి, కావలసినవి వైఫై మీద కొత్తదానికి తెచ్చుకోండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ముందు అది తీయించండి. అడుగు మూత ఒక మూల లేచి, బల్ల మీద పెడితే లాప్‌టాప్ ఊగుతోందంటే ఉబ్బినట్టే.